విశాఖలో దొరకని చీర

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి నన్ను పూరీ తీసుకెళ్లింది. తను రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. సెలవు దొరకడమే గగనం, దొరికిందంటే ఇక కాలు ఒకచోట నిలవదు. బయల్దేరే రోజు పొద్దున్న నేను మంచం మీద పరిచిన సామాను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మమ్మీ, ఏంటిదంతా? దుప్పట్లెందుకు, గ్లాసులెందుకు? సబ్ కుఛ్ మిల్తా హై అక్కడ. సబ్బూ తువ్వాలూ కూడా హోటల్‌వాళ్లే ఇస్తారు" అంటూ ఒక్కొక్కటే తీసి అవతల పెట్టేసి, చివరికి నాకు నాలుగు చీరలూ, మందులూ, బైబిలూ మిగిల్చింది. వాటిని చక్రాల సూట్‌కేసులో వేస్తే సగం కూడా నిండలేదు. ఎత్తి చూస్తే దూదిలా ఉంది. నాకు నవ్వొచ్చింది. ఈ పిల్లని మా మామ్మ చూసి ఉంటే ఏమనేదో! అనడం కూడానా, తన ట్రంకుపెట్టె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని దీన్ని ఆపాదమస్తకం దులిపేసి ఉండేది.

మామ్మంటే మా నాన్నగారి తల్లి. కాకినాడ అవతల చిన్న ఊరు ఆవిడది. తాతయ్య పోయాక నాన్న ఆవిడని రాయ్‌పూర్ తీసుకొచ్చేశారు. నాన్న రైల్వేలో గార్డు, అమ్మ ఆసుపత్రిలో నర్సు, నేను వాళ్లకి ఒక్కగానొక్క కూతుర్ని. రైల్వే కాలనీలో ఎర్ర ఇటుకల క్వార్టరు, వెనక పెరడు, పెరట్లో ఒక మునగచెట్టు. అమ్మా నాన్నా డ్యూటీలకి పోతే ఇంటి పెత్తనమంతా మామ్మదే. చుట్టుపక్కల అందరిదీ హిందీ, ఛత్తీస్‌గఢీ. ఆవిడకి రెండూ రావు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అయినా ధర్సీవా వైపు నుంచి కూరలు తెచ్చి అమ్మే మనిషితో అచ్చ గోదావరి తెలుగులో బేరమాడేది. అవతలి మనిషి ఛత్తీస్‌గఢీలో ఏదో అనేది, ఈవిడ తెలుగులో ఇంకేదో అనేది, చివరికి కొసరుగా గుప్పెడు పచ్చిమిరపకాయలు వేయించుకుని గాని లోపలికి వచ్చేది కాదు.

సెలవులకి నాన్న పాసు మీద విశాఖపట్నం వెళ్లడం మాకు అలవాటు. అక్కడ సముద్రానికి దగ్గర్లో మిషన్‌వాళ్ల రెస్టుహౌసు ఒకటుండేది. అందులో ఒక గదీ, వరండా మాకిచ్చేవాళ్లు. ప్రయాణం ఇంకా వారం ఉందనగానే మా ఇంటి వాసనే మారిపోయేది. ఒక పక్క చేగోడీలు వేగుతున్న నూనె వాసన, ఒక పక్క నువ్వులు వేయిస్తున్న కమ్మదనం, పెరట్లో ఎండలో పడేసిన పరుపుచుట్టలోంచి కలరా ఉండల ఘాటు, వత్తులు మార్చి తుడిచిన కిరసనాయిలు స్టవ్వు వాసన. బడి నుంచి వస్తూ మా క్వార్టరు మలుపు తిరిగేసరికే నాకు సముద్రం గుర్తొచ్చేది. లోపలికి వెళ్తే మామ్మ నేల మీద కాళ్లు బారజాపుకుని, ముందు ట్రంకుపెట్టె తెరుచుకుని కూర్చునుండేది. బియ్యం, కందిపప్పు, చింతపండు, మూతికి గుడ్డకట్టిన పచ్చడి జాడీ, చిన్న కల్వం, వాము, శొంఠి, ఆముదం సీసా, సూదీ దారం, బట్టలారేయడానికి తాడు. ఆఖరికి ఉప్పు కూడా. సముద్రానికి ఉప్పు మోసుకెళ్లే కుటుంబం ఈ భూమ్మీద మాది ఒక్కటే అయివుంటుంది.

ఆవిడ సర్దుతుంటే చూడటం నాకో వేడుక. చెంబులో గ్లాసులు దూరేవి, గ్లాసుల్లో పొట్లాలు దూరేవి, పొట్లాల మధ్య సందుల్లో గుడ్డపీలికలు దూరేవి. ఒక్క వస్తువు కూడా తన చోటు కాని చోట ఉండేది కాదు. దారిలో రైలు ఏ కుదుపు కుదిపినా చెయ్యి పెడితే వాము పొట్లం దాని చోటే దొరికేది. సర్దడం అయ్యాక నాన్నని పిలిచి "ఓపాలి ఊపరా" అనేది. నాన్న పెట్టె రెండు పక్కలా పట్టుకుని కుదపాలి. లోపల్నించి ఏ చప్పుడూ రాకూడదు. టింగుమని చిన్న చప్పుడొచ్చినా సరే, మొత్తం తీసి మళ్లీ మొదటి నుంచి సర్దేది. ఇప్పటికీ నేను అలా సర్దలేను. ప్రయత్నించాను, నా పెట్టె గలగలలాడుతుంది.

నాన్నకి ఈ మోత అంటే మంట. "అమ్మా, విశాఖపట్నంలో ఉప్పు దొరకదా?" అనేవారు.

"దొరుకుతాదిరా. దొరికేదాకా ఏం తింటావ్?"

"దిగిన వెంటనే కొట్టుకెళ్లి తెస్తాను కదే. పప్పు, ఉప్పు, స్టవ్వు... ఇల్లంతా మోసుకెళ్లేవాళ్లు ఇల్లు కదలడమెందుకంట?"

"నీ డూటీ పెట్టెలో జెండాలెందుకు పెట్టుకెళ్తావ్ మరి? టేసన్లో దొరకవేటి?" అనేది మామ్మ, తలెత్తకుండానే.

గార్డుల నల్లపెట్టె చూసినవాళ్లకి తెలుస్తుంది, అది ఎంత బరువో. నాన్న బతుకంతా దానితోనే. ఆయన పరుపుచుట్ట బెల్టు బిగించుకునేవారు. అమ్మ వంటింట్లోంచి కిసుక్కుమనేది. అమ్మ ఎప్పుడూ ఎవరి పక్షమూ తీసుకునేది కాదుగానీ, ఆ నవ్వు మాత్రం అత్తగారి వైపే ఉండేది.

ఆ పెట్టెలో అన్నిటికంటే అడుగున, ఒక పాత దుప్పటి ముక్కలో చుట్టి, తెల్లటి ఉప్పాడ చీర ఒకటుండేది. సన్నటి జరీ అంచు, అక్కడక్కడ చిన్న బుటాలు, నీళ్లలా పల్చటి నేత. అది మామ్మ మట్టి చీర. అంటే ఆవిడ పోయినప్పుడు కట్టి భూస్థాపన చేయడానికి తానే కొనిపెట్టుకున్నది. ఎక్కడికి ప్రయాణమైనా ముందు అది పెట్టాకే తక్కినవి. చిన్నప్పుడు నాకదంటే భయం కూడా వేసేది కాదు, వాము పొట్లం ఎలాగో అదీ అలాగే. పెద్దవాళ్ల మాటలు చెవినపడి తర్వాత తెలిసింది. తాతయ్యా మామ్మా ఒకసారి చుట్టాలింటికని ఖరగ్‌పూర్ వెళ్లారట, చేతిసంచిలో మార్చుకోవడానికి ఒక్కో జత పెట్టుకుని. అక్కడ తాతయ్యకి జ్వరం తగిలి, ఆసుపత్రిలోనే పోయారు. ఎండలు మండిపోతున్నాయి, ఆ పూటే మట్టి చెయ్యాలన్నారు. చుట్టాలింట్లోనూ అందరూ జ్వరాలతో మంచాల మీదే, కొట్టుకెళ్లి కొత్తబట్ట తెచ్చేవాళ్లు లేరు. ఆసుపత్రివాళ్లు జాలిపడి ఇచ్చిన దుప్పటిలోనే చుట్టి పంపారు. "ఎంతమందిని కప్పిందో, ఎవలెవలిదో, నాకు తెలీదు అమ్మాయ్. దాని మీద నల్ల ముద్రొకటి. అది మొహం మీదికి రాకుండా మడతెట్టేను. ఆయనకి నే చేయగలిగిందదే" అని అమ్మతో చెప్పుకుని ఏడ్చేదట. దేశంకాని దేశంలో, ఎవరి గుడ్డో కప్పుకుని తనూ పోతుందేమోనని ఆవిడ భయం. ప్రపంచంలో ఇంక దేనికీ ఆవిడ భయపడగా నేను చూడలేదు.

సువార్త సంగతి ఇప్పుడు చెప్పాలి. అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు ఆ పిల్ల, అమ్మకంటే బాగా చిన్నది. తల్లీ తండ్రీ లేరు. మిషన్ హాస్టల్లో పెరిగింది. ఒంటి మీద ఏది వేసుకున్నా ఎవరో ఇచ్చిందే, ఎవరికో పొట్టయితే తనకి వచ్చిందే. ఆ పిల్లకి విశాఖపట్నం పోర్టులో పనిచేసే అబ్బాయితో పెళ్లి కుదిరింది. అతనికీ ముందూ వెనకా ఎవరూ లేరు. అక్కడి చర్చిలో పెళ్లి, పాస్టరు అయ్యగారు దినం కూడా ఖాయం చేశారు. మా ప్రయాణమూ అప్పుడే కాబట్టి మాతోపాటే బయల్దేరింది. అంతకుముందు ఒక ఆదివారం అమ్మా, నేనూ, సువార్తా గోల్‌బజార్ వెళ్లాం పెళ్లిచీర కోసం. మా క్రైస్తవుల్లో పెళ్లికూతురు తెల్లచీరే కట్టుకోవాలి కదా. కొట్లో కూర్చుని తెల్లది, జరీ ఉన్నది చూపించమంటే, ఎవరికని అడిగాడు కొట్టతను. సువార్త సిగ్గుపడుతూ "షాదీ కే లియే" అంది. పెళ్లికి తెలుపా అని అతను గద్దె మీద నుంచి లేచినంత పని చేశాడు. "షాదీ మే సఫేద్? రామ్ రామ్! ఐసా మత్ బోలో బిటియా" అని, మళ్లీ మాట్లాడనివ్వకుండా ఎర్రవీ పసుపువీ మా ముందు గుట్టపోశాడు. పాపం, మంచి మనసుతోనే. అమ్మ ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆఖరికి మజ్జిగ తెప్పించి తాగించి పంపాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే నాన్న మొహం వెలిగిపోయింది. ఆయన వాదానికి ఇంతకంటే బలమేం కావాలి! "చూశావా అమ్మా, కొన్ని అక్కడే కొనాలి. విశాఖపట్నంలో తెల్లచీరలకేం లోటు! దిగిన రోజు కొంటాం, మర్నాడు పెళ్లి, ఖతమ్." సువార్త కూడా మురిసిపోయింది. "సిస్టర్, నేనే కొట్లో కూర్చుని, అన్నీ విప్పించి, నాకు నచ్చింది నేనే ఎంచుకుంటా. జీవితంలో ఒక్కసారైనా" అని అమ్మ చెయ్యి పట్టుకుంది. మామ్మ మాత్రం ఆ పిల్లని ఎగాదిగా చూసి, "ఇంకో దినం ముందు పోరాదా తల్లీ" అని, తన చేగోడీల డబ్బా మూత బిగించుకుంది.

రైల్లో మాది ఎప్పుడూ ఒక చిన్నసైజు కాపురం. మామ్మ తాడు కట్టి పాత చీర తెరగా వేసేది, కిటికీ పక్క కూజా నిలబెట్టేది, గుడ్డలో కట్టిన పులిహోర విప్పేది. టిట్లాగఢ్ దాటాక పక్కసీటు ఆవిడ పసివాడికి కడుపునొప్పొస్తే వాము నలిపి ఇచ్చింది. ఎవరికో గుండీ ఊడితే సూదీ దారం తీసింది. సువార్త ఆవిడ పక్కనే ఒదిగి కూర్చుని, కొట్లో ఏం అడగాలో, జరీ ఎంత వెడల్పుండాలో చెప్పించుకుంటూనే ఉంది. కొండలూ సొరంగాలూ దాటి, విజయనగరం వచ్చి, పొద్దెక్కేవేళకి విశాఖపట్నంలో దిగాం.

దిగగానే ఏదో తేడాగా అనిపించింది. రిక్షాలు లేవు. సామాను నెత్తిన పెట్టుకుని బయటికొస్తే రోడ్డంతా బోసిగా ఉంది. ఏదో గొడవ మీద ఊరంతా బందట. రేపు కూడా తెరవరట. నాన్న నమ్మలేదు. మమ్మల్ని రెస్టుహౌసులో దించి, సువార్తని వెంటబెట్టుకుని ఊరంతా నడిచారు. ఎక్కడ చూసినా దించిన తలుపులే. తెలిసినవాళ్లింటి మీద పడి అడిగితే అయ్యగారి భార్య తన పాత పెళ్లిచీర తీసి చూపించిందట. అది పసుపుపచ్చగా తిరిగి మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది. పెళ్లి వాయిదా వేద్దామంటే పోర్టులో ఆ అబ్బాయికి ఆ ఒక్కరోజే సెలవు. మధ్యాహ్నం దాటాక ఇద్దరూ వడదెబ్బ తిన్నట్టు తిరిగొచ్చారు. సువార్త గోడకి ఆనుకుని కూర్చుని, "పర్లేదు సిస్టర్, నా నీలం చీర ఉంది కదా. అలవాటే నాకు" అంది. ఏడవలేదు. ఆ "అలవాటే" అన్న మాటకి మా అమ్మ ఏడ్చింది. నాన్న అయితే తలెత్తలేదు. అక్కడే కొందామన్నది ఆయనే మరి.

వరండాలో కూర్చున్న మామ్మ అంతా విన్నది. అమ్మ ఆవిడ వైపు ఒకసారి చూసి వెంటనే కళ్లు తిప్పేసుకుంది. పెట్టె అడుగున ఏముందో మా అందరికీ తెలుసు, అడిగే గుండె ఎవరికుంది? ఆ చీర లేకుండా ఆవిడ గుమ్మం దాటి ఎరగదు. మామ్మ లేచి, పెట్టె దగ్గరికెళ్లి తాళం తీసింది. చింతపండూ బియ్యమూ తీసి పక్కన పెట్టి, తన రోజువారీ తెల్లచీరలన్నీ మంచం మీద వరసగా పరిచింది. వాటి మధ్యలో ఉప్పాడ చీర పెట్టింది. అప్పుడు నాన్నతో, "ఏరా, నువ్వు ఊరంతా తిరిగినా దొరకలేదంటున్నావ్. ఇదుగో కొట్టు. కూకో గద్దె మీద. ఆ పిల్లకి సరుకు చూపించు" అంది.

నాన్నకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కళ్లు తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నారు. "ఆయియే ఆయియే బెహన్‌జీ! క్యా దిఖావూఁ?" అన్నారు అచ్చం గోల్‌బజార్ కొట్టతనిలా. సువార్త తెల్లబోయి చూసింది. మామ్మ గద్దించింది. "రా తల్లీ, బేరానికొచ్చి గుమ్మంలో నిలబడతావేటి? విప్పించు. నచ్చకపోతే ఇంకోటి అడుగు." సువార్త వచ్చి కూర్చుంది. మొదట్లో బెరుగ్గా, తర్వాత నిజంగానే ఒక్కోటీ విప్పించింది. "ఇది బాగా మందం, ఇంకోటి చూపించండి" అంది. నాన్న "కోయీ బాత్ నహీ" అంటూ ఇంకోటి తీశారు. నేను పక్కన నిలబడి మడతలు పెట్టాను. ఉప్పాడ చీర విప్పేసరికి అందరం దగ్గరికి జరిగాం. సువార్త చెయ్యి దాని మీదే ఉండిపోయింది. "ఇది" అంది.

"ముందు నా మాటిను," అంది మామ్మ. "అది నే పోయినప్పుడు కట్టమని కొనుక్కున్న చీర. ఒంటిమీద పడలేదు, మడత నలగలేదు. కానీ దాచకూడదు కాబట్టి చెబుతున్నా. పట్టింపుంటే వొద్దు."

సువార్త ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "పోయినోళ్లని కడిగి బట్టలు కట్టే చేతులు మామ్మగారూ ఇవి. నాకేం పట్టింపు? కానీ మీకో?"

"నా సంగతి నీకెందుకే! కట్టి నడిచి చూపించు, అదే దాని ఖరీదు" అంది మామ్మ.

మర్నాడు చర్చిలో పాట మొదలవగానే సువార్త నడిచి వచ్చింది. వెనక కొంగు సర్దుతూ అమ్మ. ముందు బల్ల మీద మామ్మ కూర్చుని పాట పాడటం మర్చిపోయి చూసింది. తన మట్టి చీర కడితే ఎలా ఉంటుందో తనే చూసుకునే భాగ్యం ఎవరికుంటుంది, ఆవిడకి దొరికింది. పెళ్లయ్యాక సువార్త చీర ఉతికి పంపిస్తానంటే మామ్మకి కోపమొచ్చింది. "కొన్న సరుకు వాపసు తీసుకునే కొట్టు కాదు నాది" అంది.

రాయ్‌పూర్ వచ్చాక తమాషా మొదలైంది. అక్కడ కొందామని జీవితమంతా అన్న నాన్న, ప్రయాణం మాట ఎత్తితే చాలు, "అమ్మా, నీకు చీర కొందాం, ఉప్పాడ నుంచి తెప్పిస్తాను" అని వెంటపడేవారు. "వొద్దురా" అనేది మామ్మ. తర్వాత కూడా మేం ఎన్నో ఊళ్లు తిరిగాం. పెట్టెలో ఉప్పు వెళ్లింది, వాము వెళ్లింది, కల్వం వెళ్లింది. చీర ఉండే అడుగున మాత్రం ఆవిడ నాకోసం ఒక పుస్తకమో, బొమ్మో పెట్టేది. భయమెక్కడికి పోయిందని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. నాన్నకే ఆ భయం పట్టుకుంది, ప్రయాణాల్లో మామ్మ దగ్గినా లేచి కూర్చునేవారు.

పూరీలో మా అమ్మాయి చెప్పినట్టే అన్నీ దొరికాయి. తలదువ్వుకునే దువ్వెన మర్చిపోతే మెట్ల కింద కొట్లోనే దొరికింది. హాయిగా ఉంది, కాదనను. చేతులు ఖాళీగా నడవడం నా వయసులో ఎంత సుఖమో! మా పిల్ల నన్ను ఎంత తేలిగ్గా తిప్పుకొచ్చిందో చూస్తే ముచ్చటేసింది. కానీ అక్కడున్నన్ని రోజులూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు నేను. పక్కగది ఆవిడకి తలనొప్పి వస్తే మందులకొట్టు దారి చూపించాను. మా మామ్మ అయితే శొంఠి అరగదీసి పట్టు వేసి, ఆవిడ ఊరూ పేరూ పిల్లల సంగతులూ తెలుసుకుని గాని వదిలేది కాదు. ఆ పెట్టె ఏనాడూ మా నలుగురికోసమే సర్దింది కాదని నాకు అక్కడ, ఆ ఖాళీ చేతులతో కూర్చున్నప్పుడు బాగా అర్థమైంది. ఎంత గొప్ప మనిషి!

మామ్మ రాయ్‌పూర్లోనే, మా క్వార్టర్లోనే, ఒక మధ్యాహ్నం అమ్మ చేతిమీద పోయింది. నేనప్పటికి కాలేజీలో ఉన్నాను. నాన్న కబురందుకుని డ్యూటీ నుంచి వస్తూనే, మొహమైనా కడుక్కోకుండా సైకిలెక్కి గోల్‌బజార్ పరుగెత్తారు తెల్లచీర కోసం. ఆయన తిరిగొచ్చేసరికి అమ్మ మామ్మకి నీళ్లుపోసి, తల దువ్వి, చీర కట్టేసింది. కట్టింది తను ఆసుపత్రికి కట్టుకెళ్లే తెల్ల డ్యూటీ చీర. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుది. నాన్న చీర పొట్లం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేంటి మార్తా, పాతది... ఆసుపత్రిది కట్టావ్? ఆవిడ జీవితమంతా భయపడింది దానికేగా!" అని అరిచారు.

అమ్మ మామ్మ కుచ్చిళ్లు సర్దుతూనే చెప్పింది. "అత్తయ్యగారే అడిగారండీ. పోయిన వారమే చెప్పారు. 'ఆయన్ని కప్పిన గుడ్డ ఎవలిదో నాకు తెలీదమ్మాయ్, అదే నా ఏడుపు. కొత్తదొద్దు, జరీ వొద్దు. నీ డూటీ చీరొకటి కట్టు. అది నీదని నాకు తెలుసుగా' అన్నారు."

నాన్న పొట్లం కింద పెట్టి, మామ్మ పక్కన కూర్చుని, ఆ చీర కొంగు మొహానికి అదుముకుని పసిపిల్లాడిలా ఏడ్చారు. భూస్థాపన అయింది, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. సెలవు అయిపోయి అమ్మ డ్యూటీకి తయారవుతున్న పొద్దున్న, నాన్న ఆ పొట్లం విప్పి, కొత్త చీర తీసి అమ్మ చేతికిచ్చారు. అమ్మ అది కట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.